ఎఫ్ఎక్స్ ఆల్బమ్‌ల వరుస: ‘పింక్ టేప్’ మొదటి స్థానానికి తిరుగు లేదా?

ప్రశ్న — పాటలపెట్టె

కొరియన్ పాప్ గురించి మన చర్చలన్నీ ఇప్పుడు నడుస్తున్న బృందాల చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి, కొంచెం వెనక్కి వెళ్లి ఎఫ్ఎక్స్ అనే అమ్మాయిల బృందం సంగతి అడుగుతున్నాను. ఎస్ఎం ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ 2009 సెప్టెంబరులో ‘లా చా టా’ పాటతో పరిచయం చేసిన ఈ బృందంలో విక్టోరియా, యాంబర్, లూనా, సల్లీ, క్రిస్టల్ అని ఐదుగురు ఉండేవారు. పూర్తి నిడివి ఆల్బమ్‌లు నాలుగే వచ్చాయి: 2011లో ‘పినోకియో’, 2013లో ‘పింక్ టేప్’, 2014లో ‘రెడ్ లైట్’, సల్లీ వెళ్లిపోయాక మిగిలిన నలుగురితో 2015లో ‘ఫోర్ వాల్స్’. వీటితో పాటు 2010 నాటి ‘ను ఏబీఓ’, 2012 నాటి ‘ఎలక్ట్రిక్ షాక్’ అనే రెండు మినీ ఆల్బమ్‌లు, అంటే తక్కువ పాటలున్న చిన్న ఆల్బమ్‌లు ఉన్నాయి.

ఎక్కడ చూసినా ‘పింక్ టేప్’దే మొదటి స్థానం. నా వరుసలో కూడా అదే మొదటిది, తరువాత ‘ఫోర్ వాల్స్’, ‘రెడ్ లైట్’, చివర ‘పినోకియో’. అయితే ఈ వరుస నా చెవి నిర్ణయించినదో, పదేళ్లుగా అందరూ చెబుతున్న మాట నా నోట పలుకుతున్నదో తేల్చుకోలేకపోతున్నాను. తెలుగు సినిమా పాటలు వింటూ పెరిగిన నాకు పాట వెనుక ఒక సన్నివేశం ఉండడం అలవాటు. ఇక్కడ సన్నివేశం లేదు, కథ లేదు, ఒక పాట తరువాత ఇంకొక పాట ఎందుకు వస్తున్నదనేది ఆ పాటలే చెప్పాలి. అందువల్ల ఆల్బమ్‌ను మొత్తంగా తూచడానికి ఏ కొలత వాడాలో తెలిసినవారు వివరించగలరని అడుగుతున్నాను.

ప్రధానంగా రెండు సందేహాలున్నాయి. మొదటి స్థానం కోసం ‘పింక్ టేప్’, ‘ఫోర్ వాల్స్’ మధ్య నిజమైన పోటీ ఉందా? మినీ ఆల్బమ్‌లనూ రీప్యాకేజ్‌లనూ ఈ లెక్కలో కలపవచ్చా? మీ అభిమాన సభ్యురాలు ఎవరన్నది పక్కనపెట్టి, పాటలను ఉదహరిస్తూ సమాధానం ఇస్తే సంతోషిస్తాను.

జవాబు — మూడోచరణం

పాటలపెట్టె గారూ, నా వరుస ఇది: ‘పింక్ టేప్’, ‘రెడ్ లైట్’, ‘ఫోర్ వాల్స్’, ‘పినోకియో’. మీ వరుసకూ దీనికీ మధ్యలో ఒక్క మార్పే ఉంది గానీ, దాని వెనుక ఉన్న కారణం మీరు అడిగిన కొలతకు సంబంధించినదే కాబట్టి కాస్త విస్తరించి రాస్తాను.

కొరియాలో ఆల్బమ్ వచ్చినప్పుడు టెలివిజన్ సంగీత కార్యక్రమాల్లో కొన్ని వారాల పాటు ప్రదర్శించేది సాధారణంగా ఒక్క టైటిల్ పాటనే. పెట్టుబడి, నృత్యం, వీడియో అన్నీ దాని మీదే ఉంటాయి. అందుచేత టైటిల్ పాట బాగుండడం ఆ సంస్థ శ్రద్ధకు గుర్తు మాత్రమే, అది ఆల్బమ్‌కు కొలత కాజాలదు. టైటిల్ పాట ముగిసిన తరువాత రెండో పాట ఏం చేస్తుంది, ఏడో పాట దగ్గర మన ధ్యాస నిలుస్తుందా, చివరి పాట చివరన ఉండడానికి తగిన కారణం ఉందా అన్న మూడింటినీ నేను చూస్తాను.

2013 జూలై చివరలో వచ్చిన ‘పింక్ టేప్’లో పన్నెండు పాటలున్నాయి. టైటిల్ పాట ‘రమ్ పమ్ పమ్ పమ్’లో తొలిప్రేమను జ్ఞానదంతంతో పోల్చారు. ఇందులో విశేషమేమిటంటే, ప్రేమలో పడిన అమ్మాయి తన బాధ చెప్పుకోవడం లేదు, ఆ పన్నే మనతో మాట్లాడుతోంది. మిగతావాటిని పక్కకు నెట్టి నా చోటు నేను సంపాదించుకుంటాను, ఉన్నట్టుండి మొలుస్తాను, నొప్పి మాత్రం తప్పదు అని అది ముందే హెచ్చరిస్తుంది. వెనుక కవాతును తలపించే డోలు దరువు, దాని మీద గిటారు మెలికలు. ఇంత వింత ఊహను పాడుతూ గొంతులో ఎక్కడా నాటకీయత లేకపోవడం ఈ బృందానికే చెల్లింది. దాని వెంటనే వచ్చే ‘షాడో’ అందుకు పూర్తిగా భిన్నమైనది. తాళం తిప్పితే మోగే బొమ్మపెట్టె లాంటి సన్నని గంటల శబ్దం మీద, ఒకరిని వారికి తెలియకుండా నీడలా వెంబడించడం గురించి లాలిపాట పాడినంత మెత్తగా పాడతారు. వినడానికి తియ్యగా ఉంటుంది, మాటలు తెలిస్తే మాత్రం వెన్ను జలదరిస్తుంది. టైటిల్ పాట తరువాత శ్రోత అలసిపోయే చోట అలాంటి పాటను పెట్టిన ధైర్యానికే నేను సగం మార్కులు ఇస్తాను.

మధ్యలో వచ్చే ‘ప్రెటీ గర్ల్’, ‘కిక్’ వంటి గట్టి ఎలక్ట్రానిక్ పాటల దగ్గర కొందరికి ఆసక్తి తగ్గుతుందని ఒప్పుకుంటాను. కానీ వెంటనే ‘సిగ్నల్’లో డిస్కో తళుకు వస్తుంది, ఆపైన ‘గుడ్‌బై సమ్మర్’లో ఎక్సో బృందపు డి.ఓ. గొంతు తోడై వేగం సగానికి తగ్గుతుంది, మళ్లీ ‘ఎయిర్‌ప్లేన్’లో పైకి లేస్తుంది. ఆ ‘ఎయిర్‌ప్లేన్’ను టైటిల్ పాటగా పెట్టి ఉంటే అదొక్కటే ఒక ఏడాది నిలబడేది. ‘నో మోర్’లో నక్కజిత్తుల స్నేహితురాలి మీద ఫిర్యాదు, ‘స్నాప్‌షాట్’లో మళ్లీ హుషారు, చివరకు ‘ఎండింగ్ పేజ్’ దగ్గర నెమ్మదిగా దిగడం. పన్నెండు పాటల్లో ఏ రెండూ ఒక పోలికలో లేవు, అయినా అన్నీ ఒకే మనుషులు పాడినట్టు ఉన్నాయి.

పాటలతో పాటు దృశ్య రూపకల్పన కూడా లెక్కలోకి రావాలి. అప్పట్లో ఎస్ఎంలో పనిచేస్తున్న మిన్ హీ జిన్ ఆధ్వర్యంలో ఈ ఆల్బమ్‌ను పాత వీడియో క్యాసెట్ రూపంలో తయారుచేశారు, విడుదలకు ముందు ‘ఆర్ట్ ఫిల్మ్’ పేరుతో ఒక చిన్న చిత్రం విడుదల చేశారు. ఆ చిత్రంలో నృత్యం లేదు, టైటిల్ పాట ప్రచారం లేదు. పాటల ముక్కలు వినిపిస్తూ ఉంటే అమ్మాయిలు ఊరికే నిలబడడం, నడవడం, కెమెరా వైపు చూడడం మాత్రమే కనిపిస్తుంది. బి-సైడ్ పాటలు, అంటే టైటిల్ పాట కాని మిగతావి కూడా ముఖ్యమేనని సంస్థే ముందుగా చెప్పిన అరుదైన సందర్భం అది.

జవాబు — నాలుగోగోడ

మూడోచరణం గారి కొలతను నేను అంగీకరిస్తున్నాను, కానీ అదే కొలత నన్ను ‘ఫోర్ వాల్స్’ దగ్గరకు తీసుకువెళ్తుంది. నా వరుసలో అది మొదటిది, ‘పింక్ టేప్’ రెండోది.

2015 అక్టోబరులో ఈ ఆల్బమ్ వచ్చేనాటికి పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకోవాలి. ఆగస్టులో సల్లీ బృందం నుంచి తప్పుకున్నారు, అంతకు ముందు ఏడాదికి పైగా బృందం నుంచి కొత్త ఆల్బమ్ ఏదీ లేదు. అలాంటప్పుడు ఏ సంస్థ అయినా పెద్ద శబ్దంతో తిరిగి రావాలని చూస్తుంది. వీళ్లు చేసినది అందుకు విరుద్ధం. బ్రిటన్‌కు చెందిన ఎల్‌డిఎన్ నాయిస్ జంట, అదే ఏడాది మేలో షైనీ బృందానికి ‘వ్యూ’ చేసి ఇచ్చినవారు, డీప్ హౌస్ అనే, నిలకడైన దరువుతో మెత్తగా సాగే ఎలక్ట్రానిక్ సంగీత పద్ధతిలో రూపొందించిన టైటిల్ పాటలో గొంతు చించుకునే పతాకఘట్టం ఎక్కడా ఉండదు. లూనా ఎంత ఎత్తుకు పాడగలదో తెలిసిన అభిమాని ఆ ఎత్తు ఇప్పుడు వస్తుంది, ఇప్పుడు వస్తుంది అని ఎదురుచూస్తూనే ఉంటాడు, పాట మాత్రం తన దారిన తాను సాగిపోతుంది. వీడియోలో చేతిలోంచి జారిపడే టీ కప్పు మళ్లీ మళ్లీ కనిపించినట్టే బీట్ కూడా తన చుట్టూ తాను తిరుగుతుంది. ఈ సంయమనం ఆల్బమ్ అంతటా ఉంది. ‘గ్లిట్టర్’, ‘డెజా వూ’ మీదుగా ‘రూడ్ లవ్’ దాకా వింటే ఒకే ఇంట్లో గది మార్చుకుంటున్నట్టు ఉంటుంది. ‘డైమండ్’లో వాయిద్యాలను దాదాపు ఖాళీ చేసి దరువు మీదే గొంతులను నిలబెట్టారు. చివరి పాట ‘వెన్ ఐయామ్ అలోన్’ రచనలో కెనడా గాయని కార్లీ రే జెప్సెన్ పాలు పంచుకున్నారు. అది మొత్తం ఆల్బమ్‌లో ఏకైక ఒంటరి క్షణం, దాన్ని చివరికి దాచడం నాకు చాలా నచ్చింది.

‘పింక్ టేప్’ వైవిధ్యాన్ని గొప్పగా చెబుతున్నారు గానీ, వైవిధ్యం వల్లనే అది రెండు చోట్ల తెగుతుంది. ‘షాడో’ నుంచి ‘ప్రెటీ గర్ల్’కు వెళ్లేటప్పుడు ఎవరో రేడియో స్టేషన్ మార్చినట్టు అనిపించడం లేదా? ‘ఫోర్ వాల్స్’లో అలాంటి కుదుపు ఒక్కటి కూడా లేదు. ‘ట్రావెలర్’లో జీకో రాప్ కూడా అతిథి వచ్చి హడావుడి చేసినట్టు కాక, ఆ పాట నడకకు లోబడే ఉంటుంది.

‘రెడ్ లైట్’ గురించి నాకు పెద్దగా చెప్పవలసినది లేదు. టైటిల్ పాట అద్భుతం, మిగతాది మామూలు.

పాటలపెట్టె (ప్రశ్న అడిగినవారు)

ఇద్దరికీ ధన్యవాదాలు. మీ జవాబులు చదివాక రెండు ఆల్బమ్‌లనూ వరుస మార్చకుండా మళ్లీ విన్నాను. ‘షాడో’ తరువాత వచ్చే కుదుపు నిజమే, అయితే నాకు అది ఇబ్బందిగా అనిపించలేదు. ‘ఫోర్ వాల్స్’లో మాత్రం ‘పాపీ’, ‘క్యాష్ మీ అవుట్’ దగ్గరకు వచ్చేసరికి ఏ పాట ఎక్కడ మొదలైందో తెలియనంతగా రంగులు కలిసిపోతున్నాయి. ఒకే రంగు ఆ ఆల్బమ్‌కు బలమా, పరిమితా అన్నది వినేవారిని బట్టి ఉంటుందేమో. మూడోచరణం గారూ, ‘రెడ్ లైట్’ను రెండో స్థానంలో ఎందుకు పెట్టారో ఇంకా చెప్పలేదు. ‘టైటిల్ పాట అద్భుతం, మిగతాది మామూలు’ అన్న నాలుగోగోడ గారి మాటే ఇంతవరకు నా అభిప్రాయం కూడా.

జవాబు — మూడోచరణం

చెప్పకుండా వదిలేసినది కావాలనే, ఎందుకంటే అది వేరుగా రాయవలసిన విషయం.

‘రెడ్ లైట్’ 2014 జూలై 7న వచ్చింది. టైటిల్ పాట నిర్మాణం ఒకసారి గమనించండి. చరణాలు పరుగెత్తుతాయి, సింథ్ శబ్దాలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఊపిరి ఆడనివ్వవు. సరిగ్గా కోరస్ రావలసిన చోట, అంటే ఏ నిర్మాత అయినా వేగం పెంచే చోట, బీట్ ఒక్కసారిగా సగానికి పడిపోతుంది. ఎర్ర దీపం పడితే బండి ఆగినట్టు పాట ఆగుతుంది. ఆగమని చెప్పే పాట శ్రోతను నిజంగా ఆపుతుంది. సాహిత్యంలో అన్నిటినీ తోసుకుంటూ పోయే క్యాటర్‌పిల్లర్ యంత్రం ప్రస్తావన ఉంది. ఆ ఏడాది ఏప్రిల్‌లో సేవోల్ ఓడ మునిగి కొరియా అంతా దుఃఖంలో ఉన్న సమయం కాబట్టి, వేగమే సర్వస్వంగా పరుగెత్తే సమాజానికి హెచ్చరికగా ఈ పాటను విన్నవారు అప్పట్లో చాలామంది ఉన్నారు. రచయిత ఉద్దేశం ఏదైనా, ఒక అమ్మాయిల బృందపు వేసవి పాట అలాంటి పఠనానికి నిలబడగలగడమే అసాధారణం.

ఇక ‘మిగతాది మామూలు’ అన్న మాటకు వస్తాను. ‘మిల్క్’ వినండి. ఒలికిపోయిన పాల గురించి ఏడ్చి ప్రయోజనం లేదన్న పాత మాటను పట్టుకుని, దాన్ని ఓదార్పుగా కాక ఎదురుతిరిగే ధోరణిలో పాడిన పాట అది. బరువైన దరువు మీద గొంతులు బద్ధకంగా, దాదాపు నిర్లక్ష్యంగా సాగుతాయి. ‘ఆల్ నైట్’ తొందర లేని ఫంక్ పాట, ‘బటర్‌ఫ్లై’ మెరిసే ఎలక్ట్రానిక్ పాట, వీటి మధ్య నుంచి ‘డ్రాక్యులా’ వరకు వెళ్లాక ‘పేపర్ హార్ట్’లో తేలికైన గిటారుతో వెలుతురు పడుతుంది. ‘వెకాన్స్’ ఒక్కటే నాకు అనవసరం అనిపిస్తుంది, దాన్ని తీసేస్తే ఆల్బమ్‌కు పోయేదేమీ లేదు.

ఈ ఆల్బమ్‌కు జరిగిన అన్యాయం సంగీతపరమైనది కాదు. విడుదలైన మూడు వారాలలోపే, జూలై 25న, దురుద్దేశపూరిత వ్యాఖ్యలూ పుకార్ల వల్ల శారీరకంగా, మానసికంగా అలసిపోయిన సల్లీ కార్యక్రమాలకు విరామం ఇస్తున్నారని సంస్థ ప్రకటించింది. ప్రచారం ముందుగానే ముగిసింది. బి-సైడ్ పాటలకు వేదిక దొరకలేదు, కాబట్టి చాలామంది జ్ఞాపకంలో టైటిల్ పాట ఒక్కటే మిగిలింది. 2019 అక్టోబరులో ఆమె మరణించిన తరువాత ఈ ఆల్బమ్‌ను విడిగా వినడం మరింత కష్టమైంది. ఆ దుఃఖాన్ని మార్కుల్లో కలపమని నేను అనడం లేదు, కలిపితే అది ఆమెకూ పాటలకూ కూడా గౌరవం కాదు. ప్రచారం ఆగిపోయిన కారణంగా పాటలు తక్కువవి అయిపోయినట్టు లెక్కించకూడదనే అంటున్నాను.

జవాబు — వేసవిసెలవు

పెద్ద చర్చల మధ్య నా జవాబు ‘పినోకియో’కూ మినీ ఆల్బమ్‌లకూ పరిమితం.

రీప్యాకేజ్ అంటే ఉన్న ఆల్బమ్‌కు కొత్త పాట చేర్చి, కొత్త అట్టతో మళ్లీ అమ్మడం. 2011 ఏప్రిల్‌లో వచ్చిన ‘పినోకియో’ జూన్‌లో ‘హాట్ సమ్మర్’ పేరుతో మళ్లీ వచ్చింది. ‘హాట్ సమ్మర్’ జర్మనీకి చెందిన మోన్‌రోజ్ బృందం 2007లో పాడిన పాటకు కొరియన్ రూపం. అందరూ గుర్తుపెట్టుకున్న వేసవి పాట అదే అయినా, మూల ఆల్బమ్‌కు ఆ పాట మార్కులు కలపడం సరికాదని నా అభిప్రాయం. ‘పినోకియో’ను దాని సొంత బలం మీదే చూస్తే, టైటిల్ పాటలో తాను ఇష్టపడే మనిషిని ముక్కలుగా విప్పి చూసి మళ్లీ కూర్చాలనుకునే అమ్మాయి కుతూహలం కనిపిస్తుంది. తరువాత వచ్చిన జ్ఞానదంతం, నీడ వంటి వింత ఊహలకు దారి అక్కడే పడింది. మిగతా పాటల్లో ‘గ్యాంగ్‌స్టా బాయ్’ వంటివి ఆనాటి పద్ధతికి దగ్గరగా ఉండి, ఈనాడు కొంత వయసు మీద పడినట్టు వినిపిస్తాయి. చివరి స్థానం అన్యాయం కాదు, అయితే నాలుగోదానికీ మూడోదానికీ మధ్య మీరందరూ అనుకునేంత దూరం లేదు.

మినీ ఆల్బమ్‌లను పూర్తి ఆల్బమ్‌లతో ఒకే వరుసలో పెట్టకూడదన్న వాదన నాకు అర్థం కాదు. ‘ఎలక్ట్రిక్ షాక్’లో ఆరే పాటలున్నాయి. అందులో ‘జెట్’ ఉంది, యాంబర్, లూనా, క్రిస్టల్ ముగ్గురే పాడిన ‘బ్యూటిఫుల్ స్ట్రేంజర్’ ఉంది, ఇరుకైన పొడవాటి వేదికలో చిత్రీకరించిన టైటిల్ పాట ఉంది. నిడివి చాలలేదని దాన్ని పక్కనపెడితే, ‘పినోకియో’కూ ‘పింక్ టేప్’కూ మధ్య ఈ బృందం ఎలా మారిందో చెప్పే ఆధారమే పోతుంది. ‘ను ఏబీఓ’ను వదిలేసినా నాకు అభ్యంతరం లేదు, అందులో టైటిల్ పాట దాటాక నేను మళ్లీ వెతుక్కుని వినేది లూనా, క్రిస్టల్ పాడిన ‘సారీ’ ఒక్కటే.

నా వరుస: ‘పింక్ టేప్’, ‘ఎలక్ట్రిక్ షాక్’, ‘ఫోర్ వాల్స్’, ‘రెడ్ లైట్’, ‘పినోకియో’.

జవాబు — నాలుగోగోడ

వేసవిసెలవు గారి వరుసలో ‘ఎలక్ట్రిక్ షాక్’ను రెండో స్థానంలో చూసి ఆశ్చర్యపోయాను, కానీ ఆరు పాటల్లో వృథా పాట ఒక్కటీ లేదన్నది కాదనలేను.

మూడోచరణం గారి మాట ప్రకారం ‘వెకాన్స్’ను దాటవేసి ‘రెడ్ లైట్’ మళ్లీ విన్నాను. ‘మిల్క్’, ‘ఆల్ నైట్’ విషయంలో మీ మాట నిజం, ‘మామూలు’ అన్న ముద్రను వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ‘ఫోర్ వాల్స్’ కంటే పైన పెట్టలేను. 2016 జనవరిలో సోల్‌లో, పరిచయమైన ఆరేళ్లకు పైగా గడిచాక, వీళ్లు తొలిసారి సొంత కచేరీ చేశారు. ఆ ఏడాది జూలైలో ‘ఆల్ మైన్’ అనే ఒక్క పాట వచ్చింది. ‘ఫోర్ వాల్స్’ తరువాత మరో ఆల్బమ్ రాలేదు. బృందం తన గొంతును పూర్తిగా కనుక్కున్న ఆల్బమే ఆఖరిదయింది. అదే కొలతగా తీసుకుంటే నా మొదటి స్థానం మారదు.

పాటలపెట్టె (ప్రశ్న అడిగినవారు)

నా వరుసను సవరించుకున్నాను: ‘పింక్ టేప్’, ‘ఫోర్ వాల్స్’, ‘ఎలక్ట్రిక్ షాక్’, ‘రెడ్ లైట్’, ‘పినోకియో’. మొదటి స్థానం మారలేదు గానీ ఇప్పుడు దానికి కారణం చెప్పగలను: ‘ఎయిర్‌ప్లేన్’ ఎనిమిదో పాటగా ఉండి కూడా మొదటి పాటంత బలంగా ఉండడం. మూడోచరణం గారికి ఒక చిన్న అభ్యర్థన: ఈ కొలతతోనే ఎస్ఎం వారి మరో అమ్మాయిల బృందం రెడ్ వెల్వెట్ ఆల్బమ్‌లను కూడా ఒకసారి తూచి వేరే చర్చగా పెట్టగలరా? అక్కడ మినీ ఆల్బమ్‌లే ఎక్కువ కాబట్టి, వేసవిసెలవు గారి వాదన అక్కడ ఇంకా గట్టిగా నిలబడుతుందని అనుకుంటున్నాను.